కిటికీ చట్రము – అక్షరపు తలకట్టు

బస్తరులో జగదల్‌పూర్ నుండి దక్షిణముగా సాగు రహదారి తోంగ్‌పాల్, సుక్మా, కోంటాల మీదుగా చింతూరు చేరి భద్రాచలము వైపు పోవును. తోంగ్‌పాల్‌లో పలకలమీద నాగరి అక్షరములు శిరోరేఖను పట్టుకొని వ్రేలాడును. చింతూరు చేరుసరికి తలకట్టుతో, గుడితో, క్రింద వత్తుతో తెలుగక్షరము ఎదురగును. పలక వ్రాయువాడు అక్షరమును చూచియే ఎత్తును నిర్ణయించుకొనును. కంప్యూటరు తెరమీది కిటికీకి కూడ ఇట్టి పలక ఒకటి ఉన్నది. అదే శీర్షికపట్టీ. దాని ఎత్తును నిర్ణయించు హక్కు ఎవరిది? ఈ చరిత్ర అంతయు ఆ ప్రశ్న చుట్టునే తిరిగినది.

1973లో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆల్టో యంత్రము రూపొందినది. ఒకదానిపై నొకటి పరచుకొను కిటికీలు, వాటి నెత్తిమీద పేర్లు అక్కడనే పుట్టినవి. 1984లో మాకింటాష్ చారలపట్టీని తెచ్చినది. 1985లో వచ్చిన తొలి విండోస్‌లో కిటికీలు ప్రక్కప్రక్కనే ఒదిగియుండెడివి. 1987లో రెండవ కూర్పు వాటిని ఒకదానిపై నొకటి పరచనిచ్చినది. ఈ రెంటను చట్రము వ్యవస్థ సొత్తు; లోపలి భాగమే అనువర్తనమునది. ఒక కిటికీని జరుపనేర్చినవాడు అన్నిటిని జరుపగలిగెను. 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆరంభమైన ఎక్స్ వ్యవస్థ చట్రమును వేరొక ప్రోగ్రామునకు అప్పగించినది. కనుక అంచు ఎట్లుండవలెనో ఎంచుకొను స్వేచ్ఛ వాడుకరికి దక్కినది.

కాని అనువర్తన నిర్మాతకును తన ఇంటి ద్వారము తన ఇష్టమున చెక్కించుకొనవలెనను కోరిక సహజమే. అంచును గీయుటకు, దాని వైశాల్యమును లెక్కించుటకు, మౌస్ ఏ భాగమున నున్నదో చెప్పుటకు విండోస్ పంపు సందేశములను అతడు నడుమనే అందుకొనసాగెను. 1998 నాటికి వినాంప్ సంగీతయంత్రము తొడుగులు మార్చుకొనుచుండెను. 2008లో గూగుల్ క్రోమ్ పట్టీ స్థానమున ట్యాబులను నిలిపినది. 2013లో జీటీకే 3.10 పట్టీలోనికే బొత్తాములను తెచ్చినది. తెరపై చోటు మిగిలినది, నిజమే. అయితే చట్రమును తీసివేసినవాడు లాగుట, సాగదీయుట, రెండుమార్లు నొక్కి పెద్దది చేయుట మొదలగు పాత మర్యాదలన్నిటిని తానే తిరిగి కల్పింపవలసివచ్చెను.

తెలుగువానికి ఇందు మరియొక చిక్కు కలదు. 1991లో యూనికోడ్ తొలి కూర్పున తెలుగునకు స్థానము లభించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అక్షరరూపముతో వచ్చినది. శీర్షికలో తెలుగు పేరు వెలయుటకు మార్గమేర్పడెను. కాని రోమను లిపిని మాత్రమే మనసునందుంచుకొని పట్టీకి స్థిరమైన ఎత్తు విధించినచో, మొదట తెగునది వత్తే. గద్ద గద యగును. నిర్మాతకు అది చూపునకందని కొద్ది బిందువుల లోపము. పాఠకునకు అర్థమే మారిపోవును.

చట్రమును అలంకరించుట తప్పు కాదు. ముందు అక్షరరూపము నుండి దాని పూర్తి ఎత్తును అడిగి తెలిసికొనవలెను. వాడుకరి అక్షరములను పెద్దవి చేసికొనిన, పట్టీయు పెరుగవలెను. చేతితో పట్టి లాగుటకు ఖాళీ చోటు విడువవలెను. “స్త్రీ”, “రాష్ట్రము” అను మాటలను శీర్షికలో నిలిపి చూచుట మంచి పరీక్ష. వత్తు చెక్కుచెదరక నిలిచిన పట్టీయే తెలుగువానికి తగిన పట్టీ.