మొదటి పేరుకే లెక్క

పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల మీది సవర ఆదివాసుల మందుమొక్కల గురించి వచ్చే పరిశోధన వ్యాసాలు ఇంచుమించు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. పైన రచయితల పేర్లు. మధ్యలో పట్టిక. అందులో మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, స్థానికంగా పిలిచే పేరు, వాడే భాగం, నయమయ్యే జబ్బు. చివర ఆధారాల జాబితా. మొక్కను చూపించి, ఏ వేరు ఎంత నూరాలో చెప్పిన మనిషి పేరు చాలాసార్లు ఈ మూడు చోట్లా కనిపించదు. అంకెగా మాత్రం కనిపిస్తాడు. 1986లో ట్రాటర్, లోగన్ అనే ఇద్దరు ప్రతిపాదించిన సూత్రం ఒకటి ఇలాంటి వ్యాసాల్లో బాగా వాడుకలో ఉంది. ఒక జబ్బుకు ఎంతమంది ఏయే మొక్కలు చెప్పారో చూసి, వాళ్ల మాటలు ఎంతవరకు కలిశాయో అది సున్నాకీ ఒకటికీ మధ్య తేల్చి చెబుతుంది. చెప్పినవాళ్లు ఆ అంకెలో కలిసిపోతారు. రాసినవాళ్ల పేర్లు పైన నిలుస్తాయి. ఆ తర్వాత ప్రపంచం లెక్కపెట్టేది ఆ పైన ఉన్న పేర్లనే.

ఎవరి వ్యాసాన్ని ఎందరు పేర్కొన్నారు, ఒక వ్యాసంలో ఎవరి వాటా ఎంత అనే ఈ లెక్క ఇవాళ ఉద్యోగాలిస్తోంది, ప్రమోషన్లిస్తోంది, నిధులిస్తోంది. దీని పుట్టుక చూస్తే మాత్రం ప్రతిభను తూచడానికి పుట్టింది కాదు.

మొదట ఈ పని చేసింది వకీళ్ల కోసం. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో ఒక సూచిక మొదలుపెట్టాడు. ఫలానా తీర్పును తర్వాత ఏయే కోర్టులు పేర్కొన్నాయి, ఎక్కడ సమర్థించాయి, ఎక్కడ కొట్టేశాయి అన్నది అందులో ఉంటుంది. చెల్లని తీర్పును పట్టుకుని జడ్జి ముందు నిలబడితే కేసు పోతుంది కాబట్టి వకీలుకు అది ప్రాణావసరం. ఆ తర్వాత వంతు లైబ్రరీలది. కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు తమ లైబ్రరీకి ఏ రసాయనశాస్త్ర పత్రికలు తెప్పించాలో తేల్చుకోవాలనుకున్నారు. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటంలోని ఆధారాలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టారు. 3,633 తేలాయి. ఏ పత్రిక పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసి 1927లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు లెక్కపెట్టింది పత్రికలను, మనుషులను కాదు.

మనుషుల పేర్లు ఈ లెక్కలోకి వచ్చింది సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ చేతి మీదుగా. షెపర్డ్ సంస్థలో పనిచేసి రిటైరైన విలియం అడైర్ 1953లో ఆయనకు ఉత్తరం రాసి, వకీళ్ల సూచిక సంగతి చెప్పాడు. అదే పద్ధతిని విజ్ఞానశాస్త్రానికి ఎందుకు వాడకూడదంటూ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’లో వ్యాసం రాశాడు. ఫిలడెల్ఫియాలో సంస్థ పెట్టి, 1960లలో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ తెచ్చాడు. మొదటి సూచికలో 1961 నాటి 613 పత్రికలు, 14 లక్షల ఉల్లేఖనలు, అంటే ఒక వ్యాసం మరోదాన్ని పేర్కొన్న సందర్భాలు. పాత వ్యాసాల్లో తర్వాత తేలిన లోపాలు పరిశోధకుడి కంట పడాలన్నదే ఆయన మొదటి ఆశయం.

ఆ సూచిక పుటల్లో చాలా చిన్న అక్షరాలతో వరసలుండేవి. చోటు పొదుపు చెయ్యాలి, కంప్యూటర్ల సామర్థ్యం అప్పటికింకా తక్కువ. అందుకని ఉల్లేఖన పొందిన వ్యాసాన్ని మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. ఆ తర్వాత సంవత్సరం, పత్రిక, సంపుటం, పుట. రెండో రచయితకు ఆ వరసలో చోటే లేదు.

ఆ చోటు లేకపోవడం వల్ల నష్టపోయిన పెద్ద తెలుగు పేరు ఎల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనిదైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ వ్యాసం 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటం 375వ పుటలో వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖన పొందిన వ్యాసాల్లో అదొకటి. అయితే గార్‌ఫీల్డ్ సూచికలో దాన్ని వెతకాలంటే ‘ఫిస్కే సి.హెచ్.’ దగ్గరకు వెళ్లాలి. ‘సుబ్బారావు’ దగ్గర వెతికితే దొరకదు. వేలమంది ఆ పద్ధతిని వాడుకుని ఆ వ్యాసాన్ని పేర్కొంటే, వరస వరసకూ ఫిస్కే లెక్క పెరిగింది.

వ్యాసాల్లో రచయితల పేర్లు వేసే తీరు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసినప్పుడు 1945లో ‘సైన్స్’లో వచ్చిన ప్రకటన కింద 16 పేర్లున్నాయి. అవి వాటా ప్రకారం కాకుండా రెండు గుంపులుగా అక్షరక్రమంలో ఉన్నాయి. జట్టుకు పెద్ద అయిన ఆయన ఏడోవారు. మొదటి పేరు ఆంజియర్‌ది కాబట్టి ప్రపంచం దాన్ని ‘ఆంజియర్ తదితరులు’ అంటుంది. ఆ ‘తదితరులు’లో ఆయన ఉన్నారు. ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగా అదుపు చేసి 1948లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో రచయితలు అయిదుగురు. సుబ్బారావు వాళ్లలో లేరు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. చనిపోయాక ఒక శిలీంధ్రానికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టారు. ఏ ఉల్లేఖనల లెక్కా ఆ గౌరవాన్ని పట్టుకోలేదు.

మళ్లీ కొండల దగ్గరకు వస్తే, సవర భాషకు పుస్తకరూపం ఇచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, తెలుగు తెలిసిన సవరలను ఇంట్లో పెట్టుకుని వాళ్ల నోటి నుంచే భాష నేర్చుకున్నారు. అప్పటికి సవరకు లిపి లేదు, వ్యాకరణమూ లేదు. ఆయన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ముండా భాషల మీద పనిచేసే ఏ పండితుడూ ఆ రెంటినీ దాటి పోలేడు. అయితే వాళ్ల పుస్తకాల్లో ఆయన ‘గిడుగు’ కారు, ‘రామమూర్తి జి.వి., 1931’. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, విదేశీ సూచికకు చివరి మాటే ఇంటిపేరు. సవరల మీద విస్తారంగా రాసిన ఆయన కొడుకు ‘సీతాపతి జి.వి.’ అయ్యారు. ఒకే గిడుగు ఇంటి తండ్రీ కొడుకులు సూచికలో ఒకరు ‘ర’ దగ్గర, ఒకరు ‘స’ దగ్గర ఉండిపోయారు. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు ‘రావు సి.ఆర్.’ అయి, లెక్కలేనంతమంది రావుల మధ్య నిలబడాల్సి వచ్చింది. ఈ గజిబిజి పోవడానికే 2012లో ప్రతి పరిశోధకుడికీ 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య ఇవ్వడం మొదలైంది.

గిడుగు పుస్తకాల కన్నా ముందు 1909లో ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ ఏడు సంపుటాలు వచ్చాయి. అట్ట మీద ఎడ్గర్ థర్‌స్టన్ పేరు, దాని కింద కె. రంగాచారి సహాయంతో అనే మాట. సవరల అధ్యాయంలో రామమూర్తి పంతులు ఇచ్చిన సమాచారం ఉంది. ఆ పంతులుకు చెప్పినవాళ్లు సవరలు. చివరికి ఆధారాల జాబితాలో మిగిలింది ‘థర్‌స్టన్ 1909’. ఇన్ని మెట్లు ఎక్కిన జ్ఞానానికి ఒక్క పేరే అంటుకుంది.

వృక్షశాస్త్రం ఈ విషయంలో కాస్త నయం. తెల్లమద్ది శాస్త్రీయ నామం పూర్తిగా రాస్తే ‘టెర్మినాలియా అర్జున’ తర్వాత బ్రాకెట్లో రాక్స్‌బర్గ్, డి కండోల్ పేర్లు, బ్రాకెట్ బయట వైట్, ఆర్నాట్ పేర్లు పొట్టి రూపాల్లో ఉంటాయి. పేరు మొదట తలపెట్టింది సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గ్, అచ్చులో చెల్లేలా చేసింది డి కండోల్, ఇప్పటి ప్రజాతికి మార్చింది మిగతా ఇద్దరు. రెండు వందల ఏళ్లయినా ఎవరి వాటా వాళ్లకుంది. చెట్టును ముందే గుర్తుపట్టి పేరుపెట్టి పిలిచిన ఊరివాళ్లకు మాత్రం ఆ బ్రాకెట్లోనూ చోటు లేదు.

ఇప్పటి లెక్కల్లో వేరే చిక్కులున్నాయి. 2005లో హిర్ష్ చెప్పిన హెచ్-ఇండెక్స్ ప్రకారం పదేసి ఉల్లేఖనలకు తగ్గని వ్యాసాలు పది ఉంటే ఇండెక్స్ పది. అందులో మొదటి రచయితకూ చివరి రచయితకూ తేడా లేదు. పదేళ్ల తర్వాత హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన వ్యాసానికి 5,154 మంది రచయితలు. 33 పుటల్లో 24 పేర్లకే సరిపోయాయి. మన యూజీసీ 2018 నిబంధనల్లో ఇంకో వింత ఉంది. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం. అంతకు మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. సైన్సులో ఒక వ్యాసానికి 8 మార్కులనుకుంటే, అయిదుగురు కలిసి రాసినప్పుడు మొదటివారికి 5.6, తక్కిన నలుగురికి 2.4 చొప్పున. మొత్తం 15.2. ముగ్గురున్నాక పనిచేయని పేరు ఇంకొకటి చేర్చినా పనిచేసినవాడి మార్కు తగ్గదు. ఉత్తినే పేరు కలిపే అలవాటుకు ఇంతకన్నా దారి తెరవక్కర్లేదు.

వైద్య పత్రికల సంపాదకుల నియమం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రచయిత అనిపించుకోవాలంటే పనిలో పాలుండాలి, రాతలో చెయ్యుండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉండాల్సిందే. అక్రమ పేర్లను ఆపడానికి ఇది మంచిదే. కాని ఇంగ్లీషు చదవని సవర వైద్యుణ్ణి కూడా ఇది గుమ్మం బయటే ఆపేస్తుంది. ఎవరు ఏ పని చేశారో చెప్పే ‘క్రెడిట్’ పట్టికలో 14 పాత్రలున్నాయి. నిధులు తెచ్చినవారికి ఒకటి, సాఫ్ట్‌వేర్ రాసినవారికి ఒకటి. తరాల జ్ఞానాన్ని చెప్పినవారికి ఏదీ లేదు.

ఆస్ట్రేలియాలో యోల్ంగు ఆదివాసులతో పనిచేసే బృందం ఒకటి వాళ్ల నేల ‘బవాకా కంట్రీ’నే మొదటి రచయితగా వేసి వ్యాసాలు ప్రచురించింది, అవి పేరున్న పత్రికల్లో వచ్చాయి. సూచికలు దాన్ని కూడా ‘కంట్రీ బి.’ అని ఇంటిపేరు చేసేశాయి. అయినా ఆ పేరు మీద ఉల్లేఖనలు పడుతున్నాయి. అంటే చోటు ఇవ్వాలనుకుంటే ఇవ్వవచ్చు.

పార్వతీపురం కొండలెక్కే పరిశోధక విద్యార్థులూ, వాళ్ల గైడ్లూ ఈ పని ఇప్పుడే చెయ్యగలరు. చెప్పినవారిని అడగండి. పేరు వద్దంటే మానెయ్యండి. సరేనంటే పేరు, ఊరు, ఏ మొక్క గురించి చెప్పారన్నది పట్టికలోనే రాయండి. వ్యాసం నిలబడిందే వాళ్ల మాట మీదైతే రచయితల వరసలో చేర్చండి, చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకోండి. అచ్చయిన ప్రతి ఒకటి ఆ ఊరికి పంపండి.