నడికుడి టోకెను, సికింద్రాబాదు బెర్తు

సికింద్రాబాదు నుండి నల్గొండ మీదుగా కృష్ణ దాటి వచ్చే రైలుమార్గమూ, మాచర్ల నుండి వచ్చే మార్గమూ కలిసే చోటు నడికుడి జంక్షను. ఒంటి లైను మార్గాలలో పూర్వం ఒక ఆచారం ఉండేది. స్టేషను మాస్టరు గది లోని యంత్రం నుండి ఒక ఇనుప గుండు బయటికి వస్తే, దానిని తోలుసంచిలో పెట్టి డ్రైవరుకు అందించేవారు. దానినే టోకెను అనేవారు. ఆ గుండు చేతికి రానిదే బండి కదలరాదు. ఒకటి బయట ఉండగా రెండవది రాకుండా రెండు స్టేషన్ల యంత్రాలూ తీగలతో ముడిపడి ఉండేవి.

రిజర్వేషను కంప్యూటర్ల చరిత్ర చదువుతున్నపుడు నాకు ఆ తోలుసంచే పదేపదే గుర్తుకు వచ్చింది. ఎందుకో చెబుతాను.

కంప్యూటర్లు రాక మునుపు ఒక్కొక్క బండికి ఒక్కొక్క పుస్తకం ఉండేది. ఆ పుస్తకం ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి గుమాస్తాదే అధికారం. చిన్న స్టేషన్లకు కోటా అని నాలుగు బెర్తులు విదిలించేవారు; అవి నిండితే తంతి కొట్టి, జవాబు కోసం కాచుకోవాలి. జవాబు రాకపోతే జనరల్ పెట్టెలో నిలబడి తిరుపతికి పోవలసిందే. ఒకే బెర్తుకు ఇద్దరు కాగితాలు పట్టుకొని వచ్చి అర్ధరాత్రి వాదులాడుకోవడం నా తరం వారందరూ చూసిందే.

1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైన ఇంప్రెస్ అనే వ్యవస్థను సీఎంసీ సంస్థ రూపొందించింది. తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి. అయితే ఏ కేంద్రం బండ్లు ఆ కేంద్రానివే. దీనిని అధిగమించడానికి రైల్వేల సొంత సంస్థ క్రిస్, కాన్సర్ట్ అనే కొత్త వ్యవస్థను వ్రాసింది. అది 1994లో మొదట అమలైనది మన సికింద్రాబాదులోనే. ఈ సంగతి మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

ఇక అసలు విషయం. కిటికీ వెనుక గుమాస్తా తన పేరూ రహస్యపదమూ కొట్టగానే, దూరాన ఉన్న సర్వరు అతనికోసం ఒక సెషన్ తెరుస్తుంది. అతడెవరు, అతనికి ఏ ఆజ్ఞలు చెల్లుతాయి, ఏ పని సగంలో ఉన్నది అనే లెక్క అంతా అందులోనే. గుంటూరులో ఒకరు, హైదరాబాదులో ఇంకొకరు ఒకే క్షణాన నారాయణాద్రిలో చివరి బెర్తు అడిగారనుకుందాం. ఇద్దరి సెషన్లూ "ఖాళీ ఉన్నది" అనే చదివితే, ఇద్దరూ వ్రాసేస్తే, రెండవ వ్రాత మొదటిదానిని తుడిచేస్తుంది. అర్ధరాత్రి వాదులాట మళ్ళీ మొదలు! అందుకని చదివే ముందే ఆ బెర్తుకు తాళం పడాలి. తాళం దొరికిన సెషన్ పని ముగించేదాకా రెండవది సిగ్నలు దగ్గర బండిలా ఆగుతుంది. పని ముగిసినట్టు ఖాయపరచే ఆజ్ఞ కమిట్. రద్దు చేసేది రోల్‌బ్యాక్. ఈ ఆలోచనలకు సిద్ధాంతరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1970లలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేశాడు, 1998లో ట్యూరింగ్ బహుమతి పొందాడు. 2007లో ఒంటరిగా పడవ మీద సముద్రంలోకి వెళ్ళి మరి తిరిగి రాలేదు.

మన పల్లెటూళ్ళకు సంబంధించిన చిక్కు మరొకటున్నది. లైను తెగడం. గుమాస్తా ఆజ్ఞ ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, తెర స్తంభించింది. కమిట్‌కు ముందు తెగితే బాధ లేదు: సెషన్ చచ్చిందని తెలియగానే సర్వరు తాళం తీసి, సగం వ్రాతను చెరిపేస్తుంది. కమిట్ అయ్యాక, టికెట్టు అచ్చయ్యేలోగా తెగితే? బెర్తు పోయింది, చేతిలో కాగితం లేదు. మళ్ళీ అదే ఆజ్ఞ ఇస్తే రెండు బెర్తులు పోతాయి. కాన్సర్ట్‌లో డిజిటల్ కంపెనీ వారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్ అనే సాధనాన్ని వాడటంలో ఉద్దేశం ఇదే. నడుమ ఏది కూలినా, పంపిన పని ఒక్కసారే, సంపూర్ణంగా జరిగేటట్టు చూడటం దాని బాధ్యత. చెన్నై కేంద్రపు బండికి గుంటూరులో టికెట్టు అడిగితే ఆ ఆజ్ఞను అక్కడికి మోసుకుపోయేదీ అదే.

సర్వరుకు ఏ సెషన్ ఏ ఊరిదన్న పట్టింపు లేదు. తాళం ముందు అడిగినవాడిది. తంతి జవాబుకు కాచుకున్న కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం. కోటాలు మాత్రం పోలేదు. అవీ పట్టికలుగా సర్వరులోకి ఎక్కాయి.

2002లో అంతర్జాలంలో టికెట్లు మొదలయ్యాక కిటికీల సంఖ్యకు హద్దు పోయింది. తత్కాల్ తెరిచే పదింటికి ఒక్కొక్క బెర్తు మీద ఎన్ని సెషన్లు వరుస కడతాయో! ముందు అడిగినవాడు మనిషో మరయో సర్వరుకు తెలియదు గనుక, 2025 జూలై నుండి అంతర్జాలంలో తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ అడుగుతున్నారు. స్లీపరు పెట్టెలో బెర్తులు పాతవాటిలో 72, కొత్తవాటిలో 80.