తొలినెలల గర్భస్రావ సూచన

గర్భము యొక్క తొలి 20 వారాలలో రక్తస్రావము కనబడి, గర్భాశయ ముఖద్వారము మాత్రము మూసుకొనియే ఉన్న స్థితిని గర్భస్రావ సూచన లేదా థ్రెటెన్డ్ అబార్షన్ అంటారు. ఇటువంటి గర్భాలలో సగానికి పైగా నిలుస్తాయి.

నిర్ధారణ

యోని ద్వారా చేసే స్కానింగులో పిండము పొడవు 7 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి, గుండె కొట్టుకోనప్పుడు గర్భము పోయినట్లు నిర్ధారిస్తారు. పిండము అంతకంటే చిన్నదైతే రోజుల లెక్క తప్పి ఉండవచ్చు. కనుక కనీసము 7 రోజులు ఆగి మళ్ళీ స్కానింగు చేస్తారు. ఈ నిరీక్షణ అలక్ష్యము కాదు. బ్రతికి ఉన్న గర్భాన్ని పోయినదిగా పొరబడకుండా తీసుకునే జాగ్రత్త.

నిరీక్షణ కాలము

మంచము దిగకుండా ఉంటే గర్భము నిలుస్తుందనుటకు ఆధారాలు లేవు. తొలినెలల గర్భస్రావాలలో దాదాపు సగము పిండములోని క్రోమోజోముల లోపము వలన కలుగుతాయి. కాబట్టి ఇంటిపని చేసినందుకో, మెట్లు ఎక్కినందుకో స్త్రీని తప్పుపట్టరాదు. తదుపరి స్కానింగు తేదీ తెలిసి ఉండుట, రక్తస్రావము వివరాలు వ్రాసి ఉంచుకొనుట, మనసు విప్పి చెప్పుకోగల మనిషి తోడుండుట ఈ రోజులలో ఊరటనిస్తాయి.

ప్రమాద చిహ్నాలు

తీవ్రమైన కడుపునొప్పి, భుజము నొప్పి, కళ్ళు తిరుగుట గర్భాశయము వెలుపల పెరిగే గర్భానికి చిహ్నాలు కావచ్చు. ఇవి గాని, అధిక రక్తస్రావము గాని కనబడితే వెంటనే 108 అంబులెన్సును పిలవాలి.

కృష్ణా డెల్టాలో

మచిలీపట్నము, గుడివాడ, అవనిగడ్డలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. దివిసీమలో నాగాయలంక, కోడూరు ప్రాంతాల గ్రామాలకు ఇవి దూరము గనుక, ప్రయాణ ఏర్పాటు ముందే ఆలోచించుకొనుట మేలు.