నల్లగొండ పేరు మోసిన బకెట్

వరసగా గాజు జాడీలు. అన్నిట్లోనూ ఒకే బోరు నీళ్ళు. ఒక్కో జాడీలో పటిక మోతాదు మాత్రం ఒక్కో రకం. పైనుంచి దిగిన తెడ్లు మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా తిరిగి ఆగుతాయి. కాసేపటికి నీటిలో తెల్లటి మెత్తటి తునకలు కనిపిస్తాయి. ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుక్కి దిగుతాయి. పైన మిగిలిన తేట నీటిలో ఫ్లోరైడు ఎంత ఉందో కొలవడమే అసలు పరీక్ష.

ఇలాంటి పరీక్షల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నది నాగపూర్ పరిశోధకులు. 1958లో కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా మొదలై, 1974లో ‘నీరి’గా పేరు మారిన సంస్థ వాళ్ళది. నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అనే నలుగురి పేరుతో 1975లో వచ్చిన పత్రం ఈ పద్ధతిని ‘నల్లగొండ టెక్నిక్’ అంది. మన జిల్లా పేరు ప్రపంచ నీటి శాస్త్రంలోకి ఎక్కింది. ఎందుకు ఎక్కిందో తలుచుకుంటే గర్వపడాలో సిగ్గుపడాలో తెలియదు.

ఇక్కడి నేల గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీళ్ళయితే అది కరిగే ఉండిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అది ఎన్నో రెట్లు పలికింది. దేవరకొండ దాటి పాలమూరు వైపు పోయినా రాయి అదే, కష్టమూ అదే. ఈ నీళ్ళు తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని తొలిసారి 1937లో షార్ట్ బృందం నమోదు చేసింది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పళ్ళ మీద గార, బిగుసుకున్న వెన్ను, వంకర తిరిగిన కాళ్ళు.

జాడీలో గెలిచిన పద్ధతి ఇంట్లోకి ఎలా వచ్చి ఉంటుంది? అడుగుకు కొంచెం పైన కొళాయి బిగించిన బకెట్ ఒకటి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి. కలపడానికి ఒక కట్టె. అంతే సరంజామా. ఒక అత్తాకోడళ్ళ మధ్య ఇలా నడిచి ఉంటుంది:

“ఏందే, పొయ్యి కాడ పని ఇడిసిపెట్టి బకెట్ల కట్టె తిప్పుతున్నవ్?”

“సారొచ్చి చెప్పిండు గదత్తమ్మా. ముందు సున్నం, బ్లీచింగు. ఆ తర్వాత పటిక. పది నిమిషాలు నిమ్మళంగ తిప్పాలె. తిప్పినంక గంట సేపు ముట్టొద్దంట.”

“గంటనా! మీ మామ చేన్ల నుంచి వచ్చే యాళ్ళాయె, ఏం తాగుతడు? బోరింగు నీళ్ళు తెల్లగనే ఉన్నయ్ గదా, మల్ల వడగట్టుడేంది?”

మాటలు నేను అల్లినవి. పని వరస మాత్రం ఆ పద్ధతిదే. అత్త అడిగిన చివరి ప్రశ్నే ఈ కథకు ముడి. నీళ్ళు తెల్లగానే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. గుడ్డ కట్టి వడపోసినా ఫ్లోరైడు ఆగదు. మరగబెడితే నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు నల్లగొండ పట్నంలో ఇంట్లో చేపల తొట్టె పెట్టుకున్న కుర్రవాణ్ణి అడిగితే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. తొట్టె కింద అలమరలో పెట్టే కానిస్టర్ ఫిల్టరు నీటిని గొట్టంతో లాగి, స్పాంజి మీదుగా, సిరామిక్ ముక్కల మీదుగా తిప్పి, మళ్ళీ తొట్టెలోకి నెడుతుంది. స్పాంజి మురికిని ఆపుతుంది. సిరామిక్ ముక్కలకు పట్టిన బ్యాక్టీరియా చేపల వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. మీద బొగ్గు వేస్తే రంగూ వాసనా పోతాయి. ఇంత చేసినా ఫ్లోరైడు మాత్రం లోపలికి ఎలా వెళ్ళిందో అలాగే బయటికి వస్తుంది. కరిగి ఉన్నదాన్ని పట్టాలంటే అది అంటుకునే వస్తువును ముందు నీళ్ళలోనే పుట్టించాలి. పటిక చేసేది అదే. దాని నుంచి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు ఫ్లోరైడును పట్టుకుని కిందికి దిగుతాయి. పటిక పులుపును సున్నం సరిచేస్తుంది.

చేపల ఫిల్టరైనా బకెట్ ఫిల్టరైనా బిగించడం ఒక పూట పని, ఆ తర్వాత కాపాడుకోవడమే అసలు పని. క్లోరిన్ ఉన్న నల్లా నీళ్ళతో స్పాంజి, సిరామిక్ ముక్కలు కడిగితే బ్యాక్టీరియా చచ్చి, చేపలు తేలొచ్చు. బకెట్ సంగతి ఇంకా కష్టం. పటిక ఎంత వేయాలన్నది ఆ బావి నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారతను బట్టి మారుతుంది. పక్కింటి బోరుకు సరిపోయింది మన బోరుకు చాలదు. తక్కువైతే ఫ్లోరైడు మిగిలిపోతుంది. ఎక్కువై, సున్నం కుదరకపోతే అల్యూమినియం మిగులుతుంది, నీళ్ళు వగరుగా ఉంటాయి. అడుగున చేరిన ఫ్లోరైడు మడ్డిని ఎక్కడ పారబోయాలి? ఇదంతా రోజూ, నాట్లు పడే రోజుల్లోనూ, జ్వరం వచ్చిన రోజునా చేయాలి. శాస్త్రంలో తప్పు లేదు. కూలికి పోయే ఇల్లాలి రోజులో దానికి చోటు లేదు, అంతే.

ఇథియోపియా రిఫ్ట్ లోయలో, టాంజానియా అరూషా ప్రాంతంలో ఇదే పద్ధతిని ఇదే పేరుతో వాడి చూశారు. పేరు సముద్రాలు దాటింది కానీ, పుట్టింటి గొంతు తడవలేదు.

ఆ దాహమే 1996 లోక్‌సభ ఎన్నికల బరిలోకి దిగింది. బ్యాంకు ఉద్యోగం వదిలేసిన దుశర్ల సత్యనారాయణ ఆధ్వర్యంలోని జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో నామినేషన్లు వెల్లువెత్తాయి. బరిలో 480 మంది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. పోలింగు వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడాది జనరల్ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నీళ్ళడిగితే ముందు కదిలింది డిపాజిట్టు!

2003లో సత్యనారాయణ బాధితులను ఢిల్లీకి తీసుకెళ్ళారు. శివన్నగూడెం పిల్లవాడు అంశాల స్వామిని ప్రధాని వాజపేయి ముందు, బల్ల మీద పడుకోబెట్టారు. నివేదికలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాసి ఉన్నది మనిషి ఒంట్లో ఎలా ఉంటుందో దేశ ప్రధాని ఆ రోజు కళ్ళారా చూశారు.

బకెట్‌లో నీటిని బాగుచేయడం కాదు, నీటినే మార్చాలన్నది జలసాధన సమితి మొదటినుంచీ అడిగిన సంగతి. నా లెక్కలోనూ సరైనది అదే. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ తర్వాత శుద్ధి చేసిన నదీ జలాలు పైపుల్లో ఫ్లోరైడు ఊళ్ళకు చేరాయి. కానీ ఎముకకు పట్టింది నల్లా తిప్పగానే దిగేది కాదు. స్వామి 2023 జనవరిలో చనిపోయాడు.

శ్రీశైలం నీటిని ఎత్తిపోతలు లేకుండా నల్లగొండకు పారించాల్సిన ఎస్‌ఎల్‌బీసీ సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర లోపలి పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోయారు.