మూడు నిమిషముల నుండి తెల్లవారుదాక: ప్లేట్లు మార్చు యంత్రముల కథ

గోదావరి తీరమునకు చేరువనున్న మహదేవపూరు టసరు పట్టునేతకు పేరు వడసినది. ప్రాణహిత గోదావరిలో కలియు కాళేశ్వర క్షేత్రము దీనికి సమీపముననే కలదు. పూర్వము కరీంనగరు జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2016 అక్టోబరులో ఏర్పడిన జిల్లాల పునర్విభజనచే భూపాలపల్లి వైపు చేరినది. ఇక్కడి నుండి జనగామ వరకు గల పల్లెలలో ఒగ్గు కథ వినని వారరుదు. డోలును తాళములును మ్రోగుచుండగా కథకులు మల్లన్న కథను గాని, ఎల్లమ్మ కథను గాని ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఎత్తుకొని తెల్లవారు వరకు నడుపుటయు కలదు. ఈ కళను పల్లె పందిళ్ల నుండి పెద్ద సభల వరకు కొనివచ్చిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతము వాడు, 2017లో కీర్తిశేషుడయ్యెను.

ఇట్టి కథకు కొలత ఒక రాత్రి. గానమును పట్టి నిలుపు ప్లేటు మన దేశమునకు వచ్చిననాడు దాని కొలత సుమారు మూడు నిమిషములు. ఈ రెంటి నడుమనున్న దూరమును తగ్గించుటకై జరిగిన ప్రయత్నమే పలు ప్లేట్లను తమంత తాము మార్చుకొను యంత్రముల చరిత్ర. ఇంటి స్టీరియోకు కూర్చిన ఐదు సీడీల యంత్రము పాడయి, దాని స్థానమున మరియొకటి కొనవలసి వచ్చిన కుటుంబములకు ఈ చరిత్ర పనికివచ్చును. ఏ యంత్రము దేని కొరకు పుట్టినదో తెలిసినచో ఏది కొనవలెనో తేల్చుకొనుట సులభమగును.

1877లో అమెరికాలో ఎడిసను నిర్మించిన ఫోనోగ్రాఫు ధ్వనిని గుండ్రని సిలిండరుపై ముద్రించెడిది. పదేండ్ల పిమ్మట, 1887లో, ఎమిలీ బెర్లినర్ తన గ్రామఫోనుకు పేటెంటు పొందెను. ఆయన పద్ధతిలో చదునైన ప్లేటు ప్రధానమైనది. ఒకే అచ్చునుండి ప్లేట్లను వేలకొలది తీయుట సిలిండరుకంటె సులభము. కావున తుదకు ప్లేటే నిలిచినది. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగు వారి గానమును రికార్డు చేసెను. 1908లో కలకత్తాలో ప్లేట్ల కర్మాగారము వెలసినది. క్రమముగా తెలుగు నాటక పద్యములును ప్లేట్లకెక్కినవి. కపిలవాయి రామనాథశాస్త్రి కంఠము నాటకశాలకు పోలేని వారికిని గ్రామఫోను ద్వారా పరిచితమైనది.

అయితే నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదంగుళముల ప్లేటుపై ఒక ప్రక్కకు మూడు నిమిషములు మాత్రమే పట్టును. రంగస్థలముపై 'వన్స్ మోర్'ల నడుమ విచ్చలవిడిగా సాగిన రాగాలాపన ప్లేటుపై కుంచించుకొనిపోయినది. ఒక ప్రక్క ముగియగనే ఎవరో ఒకరు లేచి ప్లేటు త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, కీ ఇయ్యవలెను. గానము వినుటకు కూర్చున్న ఇంటిల్లిపాదిలో ఒకరికి వినుటకంటె యంత్రమునకు ఊడిగము చేయుటయే ఎక్కువయ్యెడిది.

ఈ ఊడిగమును తప్పించుటకే 1927లో అమెరికాలోని విక్టరు కంపెనీ తనంత తాను ప్లేట్లు మార్చుకొను గ్రామఫోనును విపణికి తెచ్చినది. తరువాతి కాలపు చేంజర్లలో నడుమనున్న పొడవైన కడ్డీకి కొన్ని ప్లేట్లను గ్రుచ్చి పెట్టెడివారు. ఒక ప్లేటు ముగియగనే ముల్లు గల చేయి ప్రక్కకు తొలగును. పైనున్న ప్లేటు జారి క్రిందిదానిపై పడును. చేయి మరల దిగును. ఇంగ్లండులో స్విండను పట్టణమునందలి గారార్డు కంపెనీ చేంజర్లు లోకప్రసిద్ధములైనవి. రేడియోను, చేంజరును ఒకే చెక్కపెట్టెలో అమర్చిన రేడియోగ్రాములు కలవారి యిండ్లలో వెలసినవి.

ప్లేట్ల సంపుటములకు అంకెలు వేయు విధమును సైతము ఈ యంత్రము మార్చినది. నాలుగు ప్రక్కలు గల సంపుటమున 1, 2 ఒక ప్లేటుపైనను, 3, 4 రెండవ ప్లేటుపైనను ఉండుట సహజము. చేంజరు కొరకు వేసిన సంపుటములలో మొదటి ప్లేటుపై 1, 4 ఉండును. రెండవదానిపై 2, 3 ఉండును. రెంటిని గ్రుచ్చినచో 1, 2 వరుసగా వినవచ్చును. కట్టనంతటిని ఒక్కసారి తిరగవేసి గ్రుచ్చినచో 3, 4 వచ్చును. పాత సంపుటములలో అంకెలు తారుమారైనట్లు తోచినచో కారణమిదియే.

సౌకర్యమునకు వెల లేకపోలేదు. ప్లేటుపై ప్లేటు పడుటచే రాపిడి కలిగెడిది. కట్ట ఎత్తు పెరిగిన కొలది ముల్లు వాలు మారెడిది. 1948లో కొలంబియా కంపెనీ 33⅓ చుట్ల లాంగ్ ప్లే రికార్డును తెచ్చిన పిమ్మట ఒక్కొక్క ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టెను. ఘంటసాల 1974లో గతించుటకు కొలదికాలము ముందు పాడిన భగవద్గీత అట్టి రికార్డుగానే తెలుగు ఇండ్లకు చేరినది.

ఇక ప్లేటు బెడద లేకుండ గంటలకొలది గానమును వినిపించినది రేడియో. హైదరాబాదులో 1935 నుండి నిజాం ప్రభుత్వ ఆధ్వర్యమున నడిచిన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో లీనమైనది. రేడియో శ్రోతకు లేవవలసిన పనిలేదు. కాని ఏ పాట ఏ వేళకు వచ్చునో నిర్ణయించునది కేంద్రము. కోరిన పాటను, కోరిన వేళకు, లేవకుండ వినవలెనను ఆశ మాత్రము మిగిలియే యుండెను.

ఆ ఆశను తీర్చుటకు మార్గము 1982లో ఏర్పడినది. హాలండుకు చెందిన ఫిలిప్స్, జపానుకు చెందిన సోనీ కలిసి రూపొందించిన కాంపాక్ట్ డిస్కు, అనగా మనము సీడీ అని పిలుచునది, ఆ ఏట అమ్మకమునకు వచ్చినది. దాని వ్యాసము 120 మిల్లీమీటర్లు. ధ్వనిని క్షణమునకు 44,100 మారులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, అతి సూక్ష్మములైన గుంటల రూపమున అందు ముద్రింతురు. లేసరు కిరణము ఆ గుంటలను లోపలి అంచునుండి వెలుపలికి చదువుచు పోవును. ముల్లు తగులుట లేదు కనుక వినినంత మాత్రమున ప్లేటు అరగదు. ఒక్కొక్క ప్లేటుకు 74 నిమిషములు పట్టును. ఐదింటిని ఒక యంత్రములో పెట్టినచో ఆరు గంటలకు పైగా గానము సాగును. ఒగ్గు కథ చెప్పు రాత్రికి ఇంటి యంత్రము మొదటిసారిగా చేరువైనది.

పలు సీడీల యంత్రములలో ముఖ్యములు మూడు రకములు. మొదటిది జాతరలోని రంగులరాట్నము వంటిది. వెడల్పైన పళ్లెముపై ఐదారు సీడీలు చుట్టును కూర్చుండును; చాల యంత్రములలో ఒకటి పాడుచుండగనే తక్కినవానిని మార్చవచ్చును. రెండవదానిలో సీడీలను పెట్టె వంటి మేగజీనులో దొంతరగా అమర్చి లోనికి త్రోయుదురు. ఇది తక్కువ చోటులో ఇముడును. కాని ఆ పెట్టె పోయినను, విరిగినను యంత్రము నిరుపయోగమగును. మూడవది వందలకొలది సీడీలను నిలువున పేర్చుకొను పెద్ద యంత్రము. అందులో ఏ పాట ఎచట నున్నదో వ్రాసిపెట్టుకొననిచో వెదకుట కష్టము.

పెన్ డ్రైవు, చరవాణి వచ్చిన పిమ్మట పెక్కు కంపెనీలు ఇట్టి యంత్రముల తయారీని విరమించినవి. కావున నేడు చాలవరకు వాడిన యంత్రమునే కొనవలసి వచ్చును. దానికి ముందు పాతదానిని బాగుచేయించుట సాధ్యమా అని చూడవలెను. పళ్లెము తిరుగకున్న తరచుగా లోపలి రబ్బరు బెల్టు సాగియుండును. పాట ఎగిరెగిరి పడినచో లేసరు కటకముపై దుమ్ము చేరియుండవచ్చును. ఇవి స్వల్ప వ్యయముతో తీరునవి. లేసరే క్షీణించినను, ప్లాస్టిక్ పండ్లచక్రములు విరిగినను అదే నమూనా భాగములు దొరకుట దుర్లభము.

కొనదలచినపుడు మొదట పరిశీలింపవలసినవి మన ఇంటిలోని సీడీలు. దుకాణములో కొన్న ఆడియో సీడీలను ఏ యంత్రమైనను పాడును. ఇంటిలోనో, ఊరి స్టూడియోలోనో కంప్యూటరుపై నకలు తీసిన సీడీలను కొన్ని పాత యంత్రములు చదువలేవు. ఒక్క సీడీలో నూరు పాటలకు మించి యిమిడిన ఎంపీ3 సీడీలను పాడుటకు ఆ శక్తి ప్రత్యేకముగా ఉండవలెను. వీసీడీలుగా వచ్చిన కథలు కేవలము ఆడియో యంత్రమున వినబడవు; వానికి తగిన డీవీడీ యంత్రమే శరణ్యము. కావున నాలుగు రకముల సీడీలను వెంట గొనిపోయి, అమ్మువాని యెదుటనే వేసి చూచుట మంచిది. ప్రతి అరను పరీక్షింపవలెను. చివరి పాటను తప్పక వినవలెను. ఏలనన అది వెలుపలి అంచున నుండును, కొంచెము వంగిన ప్లేటైనను, అలసిన యంత్రమైనను అచటనే తడబడును.

అమెరికాలోని బంధువులు తెచ్చియిచ్చిన యంత్రముల విషయమున మరియొక జాగ్రత్త అవసరము. అచటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు లేకుండ ప్లగ్గు పెట్టినచో యంత్రము కాలిపోవును. కొనుటకు ముందు వెనుకవైపు వ్రాసిన అంకెను చదువవలెను. అచటనే ఎరుపు, తెలుపు రంగుల సాకెట్లు కలవేమో చూడవలెను. అవి యున్నచో పాత స్టీరియో ఆంప్లిఫయరును, స్పీకర్లను విడువనక్కరలేదు.

యంత్రము ఎట్టిదైనను మరల ఒకనాడు ఆగును. సినిమా పాట మరియొక చోట దొరకును. ఊరి జాతరలో రికార్డు చేసి పది నకళ్లు మాత్రము తీసిన కథ దొరకదు. ఆ కథకుడు లేనిచో దానిని మరల చెప్పించుటయు సాధ్యము కాదు. ఇంటిలో నకలు తీసిన సీడీ ఎండకు, వేడికి ముందుగా చెడును. అట్టివానిని పెట్టెలో నిలువుగా, నీడపట్టున ఉంచి, తుడువవలసి వచ్చినపుడు నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. క్రొత్త యంత్రము ఇంటికి వచ్చిన వారమే వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, రెండు చోట్ల భద్రపరచి, ఏ కథ, ఎవరు చెప్పినది, ఏ ఏట అను మూడు మాటలు కాగితముపై వ్రాసి సీడీతోబాటు ఉంచవలెను.