జ్వరం కాపలా కాసిన నేల

కాస్త పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, తప్పులుంటే కామెంట్లో చెప్పండి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక ప్రశ్న తరచూ కనిపిస్తుంది: "గిరిజన ప్రాంతాలు ఎందుకు వెనుకబడ్డాయి?" జవాబు కూడా తయారుగానే ఉంటుంది. దూరం, రోగాలు, చదువు లేకపోవడం. అభివృద్ధి వస్తే రోగాలు పోతాయి, రోగాలు పోతే మనిషి సంపాదించుకుంటాడు, అంతా బాగుపడతారు అని. ఈ లెక్క సగమే నిజం. మిగతా సగం మన జిల్లా చరిత్రలోనే ఉంది.

ముందు మ్యాపు చూద్దాం. చింతలపూడి నుంచి దక్షిణానికి పోతే ఏలూరు, దాని కింద కొల్లేరు. ఈశాన్యానికి పోతే జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, ఇంకా తూర్పుకి పోలవరం. అదంతా ఏజెన్సీ. చింతలపూడి ఈ రెంటికీ మధ్యన మెట్టలో ఉంది. ఇక్కడ మనోళ్లు ఉన్నారు గానీ ఇది షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఈ గీత ఎందుకు ముఖ్యమో తర్వాత తెలుస్తుంది.

1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. డెల్టా పచ్చబడింది, వరి పండింది, కాలువల మీద పడవలు తిరిగాయి. అదే గోదావరికి ఎగువన కొండల్లో మాత్రం దొరల ప్రభుత్వం అడుగు పెట్టాలంటే భయపడేది. ఆ భయం పేరు మన్యం జ్వరం. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి పంపిన సిపాయిలు మనవాళ్ల బాణాల కంటే జ్వరానికే ఎక్కువ కుంగిపోయారు. 1922 - 24లో అల్లూరి సీతారామరాజు గారి పోరాటం నాటికి కూడా మన్యం డ్యూటీ అంటే పోలీసులకు శిక్షలాంటిదే. (ఆయన మొదట దాడి చేసిన స్టేషన్ చింతపల్లి. మన చింతలపూడి కాదు. చాలామంది కలిపేస్తుంటారు.)

ఆ జ్వరమే మలేరియా. అది దోమ ద్వారా వస్తుందని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన తెలుగు నేల మీదే, సికింద్రాబాదులో. కొండ సెలయేళ్లలో మెల్లగా పారే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ దోమలు దాన్ని మోస్తాయి.

మరి తరతరాలుగా మనవాళ్లు ఆ అడవిలోనే ఎలా బతికారు? ఒక కారణం ఒంట్లోనే ఉంది. మలేరియా బలంగా ఉన్నచోట ఎక్కువ కాలం బతికిన జనాల్లో సికిల్ సెల్ అనే రక్త లక్షణం నిలిచిపోయింది. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం అది జబ్బు: నొప్పులు, రక్తహీనత, చిన్న వయసులో చావు. 1954లో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఈ సంబంధాన్ని చూపించాడు. అంటే మనకు దొరికిన రక్షణ ఉచితంగా రాలేదు. కొందరు పిల్లల ప్రాణాలతో కొన్నది అది. అందుకే "పాత రోజుల్లో అడవిలో అందరూ ఆరోగ్యంగా ఉండేవాళ్లు" అని మేం అనం. జ్వరం మన పిల్లల్నీ తీసుకుపోయింది. కాకపోతే అదే జ్వరం, మనం అడగకుండానే, మన భూమికి కాపలా కూడా కాసింది.

పూర్తి కాపలా అని కాదు. షావుకార్లు, కలప కాంట్రాక్టర్లు అప్పటికే వచ్చారు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. అప్పుల్లో భూములు పోతున్నాయని బ్రిటిష్ వాళ్లే 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం తెచ్చారు. అయినా కుటుంబంతో వచ్చి కాపురం పెట్టి సేద్యం చెయ్యాలంటే కిందివాళ్లు వెనకాడేవారు.

స్వాతంత్య్రం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఇంటింటికీ డి.డి.టి. కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. ఇది మామూలు విజయం కాదు. మన తాతలు, నానమ్మలు ఎందరో బతికి బట్టకట్టింది దానివల్లే.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మలేరియా నిర్మూలన మొదలైన మరుసటి ఏడాదే, 1959లో, ఏజెన్సీ భూముల మీద కొత్త రెగ్యులేషన్ వచ్చింది. కేసులు బాగా తగ్గాక, 1970లో, దాన్ని ఇంకా గట్టి చేస్తూ సవరణ తెచ్చారు. మనందరికీ తెలిసిన 1/70 అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే అని ఆ చట్టం చెప్తుంది. ఇంత కఠినంగా ఎందుకు రాశారు? అప్పటికే భూములు అంత వేగంగా చేతులు మారుతున్నాయి కాబట్టి. రోడ్లు పడ్డాయి, అడవి పలచబడింది, వర్జీనియా పొగాకుకు ధర వచ్చింది. వీటన్నిటితో పాటు జ్వరం భయం కూడా పోయింది. అదొక్కటే కారణం అని మేం అనడం లేదు. కానీ ఆ కారణాన్ని ఎవరూ పాఠంలో చెప్పరు.

ఇది మన దగ్గరే జరగలేదు. నేపాల్‌లో తరాయి అనే పల్లపు అడవి ఉంది. అక్కడి థారు ఆదివాసులు తరతరాలుగా మలేరియా మధ్యే బతికారు. కొండల మీదివాళ్లు ఎండాకాలం, వానాకాలం అటు దిగేవాళ్లు కాదు. 1950ల్లో, 60ల్లో డి.డి.టి. వచ్చాక కొండవాళ్లు గుంపులుగా దిగి పట్టాలు రాయించుకున్నారు. పట్టా కాగితం అంటే తెలియని థారులు సొంత నేల మీదే కమయ్యలు, అంటే కట్టుబానిస కూలీలు, అయిపోయారు. ఆ వ్యవస్థను రద్దు చేసింది 2000 సంవత్సరంలో.

మన కథలో ఇంకో మలుపు ఉంది. దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పని కూడా సడలింది. 1976లో దేశంలో మలేరియా కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. కొండ ప్రాంతాల్లో అది ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. జ్వరం పోయినప్పుడు భూమి పోయింది. జ్వరం తిరిగొచ్చినప్పుడు భూమి తిరిగి రాలేదు. 1990ల్లో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాల్లో మనవాళ్లు ఆ భూముల కోసమే కేసులు మోశారు.

కింద కొల్లేరు వైపు చూసినా ఇదే వరస. చింతలపూడి మీదుగా పారే తమ్మిలేరు ఏలూరు దాటి కొల్లేట్లో కలుస్తుంది. 1970ల్లో పేద మత్స్యకారుల కోసమని సొసైటీలు పెట్టి చేపల చెరువులు తవ్వించారు. లీజుల పేరుతో అవి డబ్బున్నోళ్ల చేతికి పోయాయి. చెరువుల మేత, మందులు, ఊళ్ల మురుగు అన్నీ సరస్సులోకే. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు. లాభం తిన్నవాళ్లు వేరే వ్యాపారం చూసుకున్నారు, లంక గ్రామాల కూలీలకు చెడిన నీళ్లు మిగిలాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. నేలకూ నీటికీ చేసిందంతా చివరికి ఒంట్లోకే చేరుతుందని ఆ వారం రోజులు జిల్లా అంతా చూసింది.

ఇక ఈనాటి సంగతి. పోలవరం కోసం 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం నుంచి మన వైపు వచ్చాయి. ప్రాజెక్టు మొత్తంలో 373 ఆవాసాలు, సుమారు లక్ష కుటుంబాలు ఖాళీ చెయ్యాలని ప్రభుత్వ లెక్క. నది ఒడ్డున చేపలు, అడవిలో దుంపలు, చింతపండు, ఇప్పపువ్వు తెచ్చుకున్న మనిషిని తెచ్చి వరస ఇళ్ల కాలనీలో పెడితే తిండి మారుతుంది, పని మారుతుంది, ఒళ్లూ మారుతుంది. ఇంకోపక్క చింతలపూడి ఎత్తిపోతల పథకం ఉంది. మెట్ట రైతుకు నీళ్లు కావాలి, అది న్యాయమే, మనలోనూ ఆ రైతులున్నారు. కానీ దాని కోసం అనుకున్న జల్లేరు రిజర్వాయరు మునక బుట్టాయగూడెం ఏజెన్సీ వైపే. నీళ్లు ఒకరికి, మునక ఇంకొకరికి.

మేం అభివృద్ధి వద్దనడం లేదు. ఆసుపత్రి కావాలి, రోడ్డు కావాలి, దోమల మందూ కావాలి. మేం అడిగేది వరస గురించి. ఆరోగ్యం, రోడ్డు, నీళ్లు వచ్చేలోపు భూమి మీద మన హక్కు కాగితం మీద గట్టిగా ఉండాలి. లేకపోతే బాగుపడిన నేల మీద బాగుపడేది ఇంకొకరు. చింతలపూడి లాంటి చోట మనకు 1/70 రక్షణ కూడా లేదు. అందుకే పట్టా ఇంకా ముఖ్యం.

చేతిలో ఉన్న పనులు మూడు. ఒకటి, ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి: మందు కొట్టేవాళ్లు మొదట ఎప్పుడొచ్చారు, ఊళ్లోకి బయటి కుటుంబం మొదట ఎప్పుడొచ్చింది, మన చెలక ఎప్పుడు పోయింది. సంవత్సరం గుర్తులేకపోతే వరద పేరో, ఎలక్షన్ పేరో చెప్తారు, రాసుకోండి. అడంగల్‌తో పోల్చి చూడండి. రెండు, ఆసుపత్రిలో సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం మనకోసమే, పెళ్లికి ముందు తెలుసుకోవడం మరీ ముఖ్యం. మూడు, కాలనీల్లో ఉన్నవాళ్లు 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్ చదవండి. మంచినీళ్లు, మురుగు కాలువలు, ఆరోగ్య కేంద్రం అందులో రాసే ఉన్నాయి. లేకపోతే అర్జీ పెట్టండి, కాపీ దాచుకోండి.

తాతల కాలంలో కాపలా కాసింది జ్వరం. దానికి మన పిల్లల్ని ఇచ్చుకోవాల్సి వచ్చింది, అలాంటి కాపలా మళ్లీ ఎవరికీ వద్దు. ఇప్పుడు ఆ పని చట్టం చెయ్యాలి. చట్టం తనంతట తాను చెయ్యదు, చదువుకున్నవాళ్లు దాన్ని పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. ఈ గ్రూపులో ఉన్నవాళ్లమంతా చదువుకున్నవాళ్లమే.

జై ఆదివాసీ.