మాచ్‌ఖండ్ విద్యుత్తు: ఇరు రాష్ట్రముల పొత్తు

మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ నది కొంత దూరము ఆంధ్ర, ఒరిస్సాలకు పొలిమేరయై పారి, డుడుమ వద్ద 500 అడుగులకు మించిన లోతునకు దుముకును. దిగువన సీలేరను పేర శబరిని, శబరితో గోదావరిని చేరును. 1936లో ఒరిస్సా యేర్పడి జయపురపు సీమ విశాఖపట్టణము జిల్లానుండి విడివడనిచో ఈ జలపాతము ఒక్క ప్రభుత్వపు సొత్తుగనే యుండెడిది. నది నడుమ పొలిమేర పడినది గనుక పొత్తు తప్పలేదు.

1946లో మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. మదరాసుకు నూటికి 70 పాళ్లు, ఒరిస్సాకు 30. 1953లో ఆంధ్ర రాష్ట్ర మవతరింపగా మదరాసు పాలు దానికి సంక్రమించెను. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభోత్సవము గావించిరి. మొదట 17 మెగావాట్ల యంత్రములు మూడు, పిదప అంతకంటె పెద్దవి మూడు నెలకొనినవి.

నీటి పొత్తుకంటె విద్యుత్తు పొత్తు చిక్కైనది. చెరువు నీటిని తూము కడ వంతులు వేసికొని, నేటి వంతు చాలనిచో రేపటిదాక ఆగవచ్చును. తీగలలోని విద్యుత్తు ఆగదు. పుట్టిన క్షణముననే వినియోగము కావలెను. ఎవరి పాలెంత యనుటతో పని తీరదు. ఒకరు అదనముగా తీసికొనినదానికి వెలయు కట్టవలెను. 1978 నాటి ఒడంబడికతో ఒరిస్సా తన 30 పాళ్లకు మించి సగము వరకు వెలయిచ్చి తీసికొను వీలు కలిగెను. పొత్తు చెడకుండుటకు ఇది మేలైన యేర్పాటే.

అయినను ఈ పాళ్ల లెక్కలో ఒకరికి చోటు లేదు. జోలాపుట్టు జలాశయము క్రింద ఇరుగట్టుల గిరిజనుల పల్లెలు, పొలములు మునిగినవి. వారిలో పలువురకు భూమికి బదులు భూమి దక్కలేదు.